పిత్తాశయ రాళ్లకు తొంభై రోజుల కోర్సు: పెట్టెలో ఏముంది, ఎంతవరకు పనికొస్తుంది

అట్టపెట్టె విప్పగానే వేప పట్ట, కరక్కాయ కలిసిన వగరు వాసన ముక్కుకు తగులుతుంది. లోపల కషాయం పొడి పెద్ద ప్యాకెట్, తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో నల్లటి మాత్రలు, జిప్ కవర్లో బూడిదరంగు చూర్ణం, మీద మడతపెట్టిన పథ్యం కాగితం. హన్మకొండలో కొన్నా, కరీంనగర్‌లో కొన్నా, ఫోన్ చేస్తే కొరియర్లో వచ్చినా పేర్లు మారతాయి తప్ప సరుకు దాదాపు ఇదే. పెట్టె మీద మాట కూడా ఒకటే: ఆపరేషన్ లేకుండా తొంభై రోజుల్లో గాల్ బ్లాడర్ రాళ్లు కరుగుతాయి.

మా తీర్పు ముందే చెప్తాం. కషాయం పొడి మంచి సరుకైతే అజీర్తికి, ఉబ్బరానికి, మలబద్ధకానికి పనికొస్తుంది. నల్ల మాత్రలు వైద్యుడి కంటి ముందు వాడాల్సినవి, పార్సిల్‌లో తెప్పించుకునేవి కావు. లేబుల్ లేని బూడిదరంగు చూర్ణం వాడొద్దు. ఇక రాయి కరగడం అన్నది ఈ పెట్టెలో లేదు.

ఎందుకు లేదో తెలియాలంటే కిడ్నీ రాయికీ పిత్తాశయ రాయికీ ఉన్న తేడా చూడాలి. జనం రెండింటినీ ‘స్టోన్స్’ అనే ఒక్క మాటతో కట్టేస్తారు, అమ్మేవాళ్లకు అదే కలిసొస్తుంది. కిడ్నీ రాయి ఎక్కువగా కాల్షియం ఆక్సలేట్. నీళ్లు బాగా తాగితే చిన్నరాయి మూత్రనాళం గుండా కిందికి జారి మూత్రంలో పోతుంది. కొండపిండి, పల్లేరు, ఉలవకట్టు, పాషాణభేది అన్నీ ఆ దారికి సంబంధించిన మందులు. పిత్తాశయ రాయి పుట్టుక వేరు. అది కొలెస్ట్రాల్‌తోనో, ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు వచ్చే బిలిరుబిన్‌తోనో, రెండూ కలిసో గడ్డకడుతుంది. ఎన్ని బిందెల నీళ్లు తాగినా ఆ సంచీలోకి నీళ్లు వెళ్లవు. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తే, అందులో కొంత చిక్కబడి 30 నుంచి 50 మిల్లీలీటర్లు పట్టే ఈ సంచీలో నిలవ ఉంటుంది. సంచీ నుంచి బయటికి వచ్చే గొట్టం లోపలి వెడల్పు 2, 3 మిల్లీమీటర్లు, అదీ మెలికల మెలికలుగా. అది దాటితే పెద్ద పైత్యనాళం, సుమారు 6 మిల్లీమీటర్లు. దాని చివర పేగులోకి తెరుచుకునే చోట ద్వారం మళ్లీ ఇరుకు, క్లోమం (పాంక్రియాస్) నుంచి వచ్చే గొట్టం కూడా అక్కడే కలుస్తుంది.

అందుకే ‘రాయిని చిన్నగా చేసి బయటికి పంపుతాం’ అన్న మాట కిడ్నీ విషయంలో ఆశ, పిత్తాశయం విషయంలో ప్రమాదం. సెనగ గింజంత రాయి సంచీలో కదలకుండా కూర్చుంటే ఏళ్ల తరబడి ఏ బాధా ఉండకపోవచ్చు. ఆవగింజంత రాయి జారి ఆ ఇరుకు ద్వారం దగ్గర పడితే కామెర్లు, లేదంటే క్లోమం వాపు. క్లోమం వాపుతో వచ్చేవాళ్లలో చిన్న రాళ్లవాళ్లే ఎక్కువ కనిపించడానికి కారణం ఇదే.

శాస్త్రం పేరు చెప్పి అమ్ముతున్నారు కాబట్టి శాస్త్రం ఏమంటుందో కూడా చూద్దాం. పాత ఆయుర్వేద గ్రంథాలైన సంహితల్లో ‘అశ్మరి’ అంటే మూత్రాశయ రాయి. వాతజ, పిత్తజ, కఫజ, శుక్రజ అని నాలుగు రకాలు చెప్పారు, నాలుగూ మూత్రమార్గానివే. ఇందులోని పిత్తజ అశ్మరిని చూపించి ‘ఇదిగో గాల్ బ్లాడర్ రాయి’ అంటే పేరు కలిసింది తప్ప జబ్బు కలవలేదు. ఇప్పుడు వాడుకలో ఉన్న ‘పిత్తాశ్మరి’ అనే పేరు తర్వాతి కాలంలో కూర్చుకున్నది. పైగా సుశ్రుతుడు చికిత్సాస్థానం ఏడో అధ్యాయంలో మూత్రాశయ రాయికి మందులు చెప్పి, వాటికి లొంగకపోతే కోసి తీయమన్నాడు, ఎలా కోయాలో కూడా రాశాడు. ఆయుర్వేదానికి కత్తి అంటే గిట్టదు అనేది పథ్యం కాగితాల మీద పుట్టిన మాట.

ఇక పెట్టెలోని ఒక్కో సరుకు.

కషాయం పొడిలో ఉండేది చాలావరకు ఫలత్రికాది క్వాథం, లేదా దానికి అటూ ఇటూగా ఏదో ఒకటి. కరక్కాయ, తానికాయ, ఉసిరిక, తిప్పతీగ, అడ్డసరం, కటుకరోహిణి, నేలవేము, వేప పట్ట: ఎనిమిది దినుసులు. గ్రంథాల్లో దీన్ని కామెర్లకు, పాండువుకు (రక్తహీనతకు) చెప్పారు. కొందరు దీనికి నేల ఉసిరి, గలిజేరు కలుపుతారు. మూలికల దుకాణంలో దినుసులు విడిగా కొని కచ్చాపచ్చాగా దంచుకుంటే కోర్సు పెట్టె కంటే ఖర్చు బాగా తగ్గుతుంది, పైగా లోపల ఏం పడిందో తెలుస్తుంది.

కాచడంలోనే చాలామంది చెడగొడతారు. పొడి మెత్తగా ఉంటే కషాయం రాదు, బురద వస్తుంది. గొంతులో గీరుకుంటుంది, కడుపులో ఉబ్బరం చేస్తుంది. రవ్వలా బరకగా ఉండాలి. ఆయుర్వేద గ్రంథం రాసిన శార్ఙ్గధరుడి లెక్క ఒక వంతు మందుకు పదహారు వంతుల నీళ్లు, ఎనిమిదో వంతు మిగిలేదాకా. అంటే 20 గ్రాముల పొడికి 320 మిల్లీలీటర్ల నీళ్లు, చివరికి మిగలాల్సింది 40. మట్టి పాత్ర గానీ స్టీలు గిన్నె గానీ వాడాలి, అల్యూమినియం వద్దు. మూత పెట్టకూడదు, మంట సన్నగా ఉండాలి. పెద్ద మంట మీద పది నిమిషాల్లో నీళ్లు ఇగిరిపోతే సారం దిగదు, అడుగున మాడు వాసన మాత్రం దిగుతుంది. వడకట్టి గోరువెచ్చగా పొద్దున పరగడుపున తాగాలి. తేనె కలపాలంటే చల్లారాక కలపాలి. రాత్రి కాచి పొద్దున తాగడం, వారానికి సరిపడా కాచి ఫ్రిజ్‌లో పెట్టడం పనికిరాదు, పులుస్తుంది.

ఇందులో ప్రాణం కటుకరోహిణి, మోసం ఎక్కువ జరిగేది కూడా దాంట్లోనే. ఇది మన గుట్టల్లో పెరిగేది కాదు, హిమాలయాల పైఎత్తుల్లో దొరుకుతుంది. అడవుల్లో తరిగిపోతున్నందున అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్న మొక్క. దాంతో ధర ఎక్కువ, కల్తీ ఎక్కువ. పొడిగా కొనకండి, ముక్కలుగా కొనండి. అసలు ముక్క తేలిగ్గా, వంకరగా, బూడిద గోధుమ రంగులో ఉంటుంది, మీద ఆకులు రాలిన మచ్చలు గరుకుగా తగులుతాయి. విరిస్తే టక్కున విరుగుతుంది, లోపల నల్లగా, మధ్యలో తెల్లటి వలయం కనిపిస్తుంది. చిన్న పలుకు నాలుక మీద పెట్టుకుంటే చేదు వెంటనే పట్టేసి, నీళ్లు తాగినా చాలాసేపు వదలదు. వగరుగా ఉండి చేదు నిలవకపోతే అది వేరే వేరు. మోతాదు పొడిగా అయితే రోజుకు 1 నుంచి 3 గ్రాములు. అది దాటితే బేదులు. ‘రాళ్లు కరిగి పోతున్నాయి’ అని పెట్టె కొరియర్ చేసేవాళ్లు ఫోన్లో సంతోషపెట్టేది ఈ బేదుల గురించే. ఇలాంటి చేదు మందులు షుగర్ మాత్రలతో కలిస్తే చక్కెర దిగిపోయే అవకాశం ఉంది. మధుమేహం ఉన్నవాళ్లు మొదటి రెండు వారాలు గ్లూకోమీటర్ దగ్గర పెట్టుకోవాలి.

తిప్పతీగ మీద ఒక హెచ్చరిక. కరోనా తర్వాత దీన్ని ఇంటింటా రోజూ తాగడం మొదలయ్యాక, కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులు 2021 నుంచి వైద్య పత్రికల్లో వచ్చాయి. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వాదం నడిచింది. ఎవరి వాదం ఎలా ఉన్నా, కాలేయం పరీక్ష చేయించుకోకుండా తొంభై రోజులు వరసగా తాగాల్సిన మందు కాదు. మొదలుపెట్టే ముందు ఒకసారి, నెలకు ఒకసారి ఆ పరీక్ష, అంటే ఎల్‌ఎఫ్‌టీ చేయిస్తే చాలు.

నేల ఉసిరి గురించి చెప్పాలంటే డబ్బు పెట్టి కొనడం దండగ. వానాకాలంలో చేను గట్ల మీద, పెరట్లో దానంతటదే మొలుస్తుంది. ఆకు రెమ్మ కిందివైపు వరసగా ఆవగింజంత పచ్చటి కాయలు వేలాడితే అదే. కడిగి దంచి తీసిన రసం 10 నుంచి 20 మిల్లీలీటర్లు మోతాదు. మందులు కొట్టిన పత్తి చేను గట్టు మీదిది మాత్రం తేవద్దు. కాలేయానికి మేలు చేస్తుందని పేరున్న మొక్కే, రాయి మీద దాని ప్రభావం చూపించిన ఆధారం లేదు.

నల్ల మాత్రలు మామూలుగా ఆరోగ్యవర్ధిని. బరువులో దాదాపు సగం కటుకరోహిణే. మిగతాది శుద్ధి చేసిన పాదరసం, గంధకం, లోహ, అభ్రక, తామ్ర భస్మాలు, త్రిఫల, శిలాజిత్తు, గుగ్గులు, చిత్రమూలం, వేపాకు రసంతో నూరినది. మంచి వైద్యుడి చేతిలో మంచి మందే, అజీర్తికీ కొవ్వు పట్టిన కాలేయానికీ బాగా వాడతారు. కానీ పాదరసం ఉన్న మందు. ఔషధ నిబంధనల్లో పాదరసం విషద్రవ్యాల జాబితాలో ఉంది, కాబట్టి అలాంటి మందు లేబుల్ మీద వైద్య పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక ఉండి తీరాలి. డబ్బా తిప్పి చూడండి. ఆ హెచ్చరిక లేకపోతే తయారీదారు చట్టాన్నీ పట్టించుకోలేదు, మీ కిడ్నీలనూ పట్టించుకోలేదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. వైద్యుడు రాసినా కొన్ని వారాలకే రాస్తాడు, మూడు నెలలు ఏకబిగిన కాదు.

బూడిదరంగు చూర్ణం పొట్లానికి లేబులే ఉండదు. ‘మా తాతల నాటి రహస్యం’ అంటారు. చట్టప్రకారం అమ్మే ప్రతి ఆయుర్వేద మందు మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, చిరునామా, దినుసుల పేర్లు, పరిమాణాలు ఉండాలి. వైద్యుడు తన రోగికోసం తానే తయారుచేసి ఇచ్చే మందుకు లైసెన్సు అక్కర్లేదనే మినహాయింపు ఒకటుంది, నాడి పట్టని వైద్యుడు ముఖం చూడని మనిషికి కొరియర్ చేసే పొట్లం అందులోకి రాదు. లేబుల్ లేని చూర్ణం వేసుకున్న గంటలోనే నొప్పి తగ్గితే మెచ్చుకోకండి, అనుమానించండి. ఆకు మందుకు అంత తొందర ఉండదు, నొప్పి మాత్ర గానీ స్టెరాయిడ్ గానీ నూరి కలిపినదానికి ఉంటుంది.

కొండపిండి, పాషాణభేది, ఉలవలు కూడా కొన్ని పెట్టెల్లో వేస్తారు. కిడ్నీకి చెందిన సరుకు, ఇక్కడ నింపుడు కోసం. ఉలవచారు తినాలనిపిస్తే అన్నంలో తినండి, మందని కాదు.

తొంభై రోజులు అన్న గడువును ఒక లెక్కతో తూచవచ్చు. పిత్తాశయ రాయిని కరిగించగలదని రుజువై ఇప్పుడు మామూలుగా వాడుతున్న మాత్ర ఒకటుంది, అది అల్లోపతిది: అర్సోడియాక్సికోలిక్ యాసిడ్. కిలో బరువుకు రోజుకు 8 నుంచి 10 మిల్లీగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 300 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండు. అదీ కాల్షియం పట్టని చిన్న కొలెస్ట్రాల్ రాళ్ల మీద, సంచీ బాగా ముడుచుకుంటూ, గొట్టం తెరుచుకుని ఉన్నవాళ్లలోనే పనిచేస్తుంది. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తరుగుతుంది. ఆరు నెలల నుంచి రెండేళ్లు వాడాలి. మానేశాక ఐదేళ్లలో దాదాపు సగం మందికి రాళ్లు మళ్లీ వస్తాయి. రుజువైన మందు 12 మిల్లీమీటర్ల రాయికి ఏడాది తీసుకుంటుంటే, మూడు నెలల్లో ఏ రాయినైనా కరిగిస్తాననే పొడిని నమ్మడానికి ధైర్యం కావాలి. ఇంకో సంగతి: కొందరు ఆయుర్వేద కోర్సుతో పాటు ఈ మాత్రను కూడా ‘సపోర్టుకు’ అని రాస్తారు. చీటీలో ఉందేమో చూసుకోండి, రాయి తగ్గితే పేరు ఎవరికి పోవాలో తెలుస్తుంది.

ఉత్తర తెలంగాణలో ఇంకో మెలిక ఉంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గిరిజన గూడేల్లో సికిల్ సెల్ ఎక్కువ. ఆ జబ్బులో ఎర్రకణాలు త్వరగా విరిగిపోతుంటాయి, బిలిరుబిన్ పేరుకుని చిన్న వయసులోనే నల్లటి పిగ్మెంట్ రాళ్లు పడతాయి. వాటి మీద పైన చెప్పిన మాత్ర కూడా పనిచేయదు. పదిహేను, ఇరవై ఏళ్ల పిల్లలకు పిత్తాశయంలో రాళ్లని తేలితే పథ్యం కాగితం పక్కన పెట్టి ముందు సికిల్ సెల్ పరీక్ష చేయించాలి.

పెట్టెలో రాకపోయినా దానితో పాటు ఫోన్లో చెప్పే ‘ఫ్లష్’ సంగతి ఇది. ఐదారు రోజులు ఆపిల్ రసం, తర్వాత విరేచనాల ఉప్పు, ఆ రాత్రి గ్లాసుడు ఆలివ్ నూనెలో నిమ్మరసం కలిపి తాగి కుడివైపు తిరిగి పడుకోవడం. పొద్దున దొడ్డికి పోతే ఆకుపచ్చటి గుండ్రటి ఉండలు పదులకొద్దీ పడతాయి. ఫొటో తీసి గ్రూపుల్లో పెడతారు. అవి సబ్బు ఉండలు. అంత నూనె ఒక్కసారి పేగులో పడి, విరిగిన కొవ్వు ఆమ్లాలు లవణాలతో కలిసి గడ్డకడతాయి, పైత్యరసం వాటికి రంగు వేస్తుంది. 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో న్యూజిలాండ్ వైద్యులు అలాంటి ఉండలను పరీక్షించి రాశారు: కొలెస్ట్రాల్ లేదు, బిలిరుబిన్ లేదు, కాల్షియం లేదు, 40 డిగ్రీల వేడికి కరిగి నూనెగా మారాయి. మే నెలలో వరంగల్ ఎండ అంతకంటే ఎక్కువే, డాబా మీద పెట్టి చూడొచ్చు. నిజమైన పిత్తాశయ రాయి ఎండకు కరగదు. నవ్వులాటగా వదిలేయడానికి లేదు, అంత నూనె పడ్డప్పుడు సంచీ గట్టిగా ముడుచుకుంటుంది, చిన్న రాయి గొట్టంలోకి ఎగదన్నుకోవచ్చు.

ఇదే కారణంతో పంచకర్మ ప్యాకేజీ తీసుకునేవాళ్లు నోరు తెరిచి చెప్పాల్సిన విషయం ఒకటుంది. విరేచన కర్మకు ముందు స్నేహపానం చేయిస్తారు. కరిగిన నెయ్యి మొదటిరోజు 30 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి రోజూ పెంచుకుంటూ మూడు నుంచి ఏడు రోజులు. కొవ్వు పేగును తాకగానే పిత్తాశయం ముడుచుకోవడం శరీర ధర్మం. లోపల రాళ్లుంటే ఆ ముడుచుకోవడమే శూల, అంటే పట్టేసే నొప్పి. మోకాళ్ల నొప్పులకో చర్మవ్యాధికో చేరినా సరే, రాళ్లున్నాయని చెప్పకుండా నెయ్యి తాగొద్దు. వినగానే క్రమం మార్చే వైద్యుడు పనివాడు. ‘నెయ్యి పడితే రాయి మెత్తబడుతుంది’ అంటే లేచి వచ్చేయండి.

పసుపు క్యాప్సూళ్లూ అంతే. పసుపులోని కర్కుమిన్ పిత్తాశయం ముడుచుకునేలా చేస్తుంది, రాళ్లున్నవాళ్లకు, పైత్యనాళం మూసుకున్నవాళ్లకు పడదు. కూరలో వేసే నిజామాబాద్ పసుపుకు భయం లేదు, చిటికెడే కదా.

ఇప్పుడు అసలు చిక్కు: మరి బాగైందని చెప్పేవాళ్లంతా అబద్ధమాడుతున్నారా? చాలామంది ఆడడం లేదు. రాళ్లున్నవాళ్లలో ఎక్కువ మందికి వాటివల్ల ఏ బాధా ఉండదు. బాధ లేని రాయి ఏడాదిలో బాధ పెట్టడం మొదలుపెట్టే అవకాశం నూటికి ఒకటి, రెండు మాత్రమే. తిన్నాక ఉబ్బరం, తేన్పులు, గుండెల్లో మంట లాంటివి తరచూ గ్యాస్‌వి, రాయివి కావు. వేరే పనిమీద స్కాన్ తీస్తే రాయి కనపడింది, నింద దాని మీద పడింది. కషాయం తాగారు, నూనె తగ్గించారు, వేళకు తిన్నారు, ఉబ్బరం పోయింది. మనిషికి హాయి నిజం. రాయి మాత్రం ఉన్నచోటే ఉంది.

స్కాన్ రిపోర్టులతో జరిగే తమాషా తెలుసుకుంటే ఎవరూ మోసపోరు. మొదటి స్కాన్ పరగడుపున తీస్తారు, సంచీ నిండుగా ఉబ్బి రాళ్లు స్పష్టంగా కనపడతాయి. తొంభై రోజుల తర్వాత టిఫిన్ తిని, చాయ్ తాగి పోతే సంచీ ముడుచుకుని ఉంటుంది, చిన్నవి దొరకవు. రిపోర్టులో ‘కాంట్రాక్టెడ్’ అనే మాట ఉంటే ఆ స్కాన్ లెక్కలోకి రాదు. మళ్లీ, ఒకే రాయిని ఇద్దరు కొలిస్తే రెండు మూడు మిల్లీమీటర్లు తేడా రావడం మామూలే. 11 నుంచి 9కి వచ్చిందంటే తగ్గినట్టు కాదు, చెయ్యి మారినట్టు. ఇంకొకటి ‘స్లడ్జ్’, అంటే చిక్కటి మడ్డి. అది దానంతటదే వచ్చి పోతుంది. గర్భంతో ఉన్నప్పుడు పట్టిన మడ్డి, చిన్న రాళ్లు కాన్పు తర్వాత మాయమవడం తరచూ జరిగేదే. అప్పుడు ఎవరి పొడి తాగుతుంటే వాళ్లకు పేరొస్తుంది. పోల్చాలంటే అదే సెంటరు, ఎనిమిది గంటల పరగడుపు, రిపోర్టులో నాలుగు అంకెలు: పెద్ద రాయి కొలత, రాళ్ల సంఖ్య, గోడ మందం (3 మిల్లీమీటర్ల లోపు ఉండాలి), సీబీడీ, అంటే పెద్ద పైత్యనాళం వెడల్పు (6 లోపు). నాలుగో అంకె పెరిగితే కషాయం ఆ రోజుతో ఆపాలి.

ఎవరు ఆగొచ్చు? నొప్పి ఎన్నడూ రానివాళ్లు, గోడ మామూలుగా ఉన్నవాళ్లు. వాళ్లకు ఆపరేషనూ అక్కర్లేదు, తొంభై రోజుల కోర్సూ అక్కర్లేదు. ఆగకూడనివాళ్లు: రాయి 3 సెంటీమీటర్లు దాటినవాళ్లు, సంచీ గోడ సున్నం పట్టి పింగాణీలా మారినవాళ్లు, పక్కన సెంటీమీటరు దాటిన పాలిప్ (గోడ లోపల పెరిగిన కండ) ఉన్నవాళ్లు, ఒక్కసారైనా అసలు శూల చూసినవాళ్లు. అసలు శూల ఎలా ఉంటుందంటే, మటన్ దావత్ తిన్న రాత్రి కుడి పక్కటెముకల కింద గానీ రొమ్ముల మధ్య గుంటలో గానీ పట్టేసి, అరగంట నుంచి కొన్ని గంటలు వదలకుండా, వీపు మీదుగా కుడి భుజానికి పాకుతుంది. ఒకసారి వచ్చిందంటే చాలామందికి మళ్లీ వస్తుంది. కడుపు మీద నాలుగు చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీ ఆపరేషన్‌లో రాళ్లను కాదు, సంచీనే తీస్తారు. రాళ్లు మాత్రమే ఏరేస్తే అదే సంచీ మళ్లీ పుట్టిస్తుంది. పైత్యరసం ఆ తర్వాత కాలేయం నుంచి నేరుగా పేగులోకి జారుతుంది, కొందరికి కొన్నాళ్లు పలచటి విరేచనాలు అవుతాయి. పైత్యనాళానికి గాయమయ్యే ప్రమాదం తక్కువే గానీ సున్నా కాదు, కాబట్టి ఎన్ని చేశారని సర్జన్ను అడగడంలో తప్పు లేదు.

పథ్యం కాగితం విషయానికొస్తే సగం బాగుంది. వేళకు తినడం, రాత్రి పూట పొట్ట పగిలేలా తినకపోవడం సరైన మాటే. కారం పూర్తిగా మానమన్నది ఉత్తమాట, చపాటా మిర్చి రాయిని పుట్టించదు, మంట పుట్టిస్తుంది. రాయిని కదిపేది నూనె. సర్వపిండి గిన్నెకు పూసే నూనె, సకినాలు పీల్చుకునే నూనె, గారెలు తేలే నూనె అన్నీ లెక్కలోకే వస్తాయి. మనిషికి నెలకు అర లీటరు, నలుగురి ఇంటికి రెండు లీటర్లు దాటకుండా చూసుకుంటే చాలు. కాగితంలో పెద్ద తప్పు ఏమిటంటే, ‘నూనె, నెయ్యి పూర్తిగా నిషేధం, వారానికి రెండు ఉపవాసాలు’. కొవ్వు అసలు తగలకపోతే సంచీ ఖాళీ కాదు, పైత్యం నిలవుండి ఇంకా చిక్కబడుతుంది. పొద్దంతా కడుపు మాడ్చినా అంతే. వారానికి కిలోన్నర కంటే వేగంగా బరువు తగ్గినవాళ్లకు కొత్త రాళ్లు పడటం తెలిసిన సంగతి. పొద్దున జొన్నరొట్టె, పప్పుకూర, రొట్టెకు చెంచా నూనె తగిలినా ఏం కాదు.

‘రాళ్లు కరిగిస్తాం’ అని మందుకు ప్రచారం చేయడమే చట్టవిరుద్ధం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం జాబితాలో 54 జబ్బులున్నాయి, అందులో పిత్తాశయ, మూత్రపిండ, మూత్రాశయ రాళ్లు పేరుపెట్టి ఉన్నాయి. వాటిని నయం చేస్తానని ప్రకటన ఇవ్వకూడదు, అది ఏ వైద్యమైనా సరే. ఆయుర్వేదమే కావాలనుకుంటే వరంగల్‌లో ప్రభుత్వ అనంతలక్ష్మి ఆయుర్వేద కళాశాల ఉంది. స్కాన్ కాగితం చూసి, కడుపు తడిమి, ‘ఇది అజీర్తికి ఇస్తున్నా, రాయికి కాదు’ అని చెప్పగలిగిన బీఏఎంఎస్ వైద్యుడు దొరికితే చాలు. కషాయానికి మేమిచ్చే మార్కులు అజీర్తి మందుగా ఐదుకు మూడున్నర, రాళ్ల మందుగా సున్నా.

కళ్లు పచ్చబడితే లెక్క మారుతుంది. మనవైపు పసిరికలంటే పసరు పోసే ఇంటికి పోవడం అలవాటు. వైరస్ కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి పసరుకు పేరొచ్చింది. రాయి అడ్డుపడి వచ్చిన కామెర్లు అలా తగ్గవు. మూత్రం చిక్కటి పసుపు దాటి చాయ్ డికాషన్ రంగులోకి వచ్చి, మలం సున్నం కలిపిన మట్టిలా తెల్లబడి, ఒళ్లు దురద పెడుతుంటే నాళం మూసుకున్నట్టు. దానికి చలిజ్వరం తోడైతే లోపల చీము పడుతున్నట్టు, మూడు రోజుల పసరు పూర్తిచేసేంత వ్యవధి లేదు. ఐదారు గంటలైనా నొప్పి వదలకపోయినా, వాంతులు ఆగకపోయినా అంతే. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఎమర్జెన్సీ గానీ దగ్గర్లోని పెద్దాసుపత్రి గానీ, ఆ రాత్రే. పోయేటప్పుడు పాత స్కాన్ రిపోర్టులు, వాడుతున్న పొడి పొట్లం, మాత్రల డబ్బా చేతిలో ఉండాలి. ఆపరేషన్ అవసరం పడవచ్చు కాబట్టి దారిలో చాయ్, మజ్జిగ ఏమీ తాగించొద్దు.